బిళ్ళ కట్టక ముందే

నాలుక పక్కన ఒక చిన్న పుండు. రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. బయాప్సీలో క్యాన్సరని తేలింది. సర్జన్ మెడంతా వేళ్ళతో నొక్కి చూశాడు, ఎక్కడా బిళ్ళ తగల్లేదు. అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనబడలేదు. నాలుక మీది పుండును, చుట్టూ కాస్త మంచి కండతో సహా, కోసి తీసేయాలి. అందులో ఎవరికీ రెండో మాట లేదు. చిక్కంతా మెడతోనే. కంటికీ చేతికీ ఏమీ దొరకని ఆ మెడను ఇప్పుడే తెరిచి లోపలి లింఫు గ్రంథులను తీసేయాలా? లేక బిళ్ళ కడితే అప్పుడు చూసుకుందామని ఆగాలా?

చూడ్డానికి చిన్న ప్రశ్న. దీని మీద సర్జన్లు యాభై ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. రెండు వైపులా చేయి తిరిగినవాళ్ళే ఉన్నారు, రెండు వైపులా మంచి కారణాలే ఉన్నాయి. చివరికి ముంబయిలో పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 2004లో ఒక పరీక్ష మొదలుపెట్టి, 2015లో దాని జవాబును ప్రపంచం ముందు పెట్టారు. డాక్టర్ అనిల్ డిక్రూజ్, ఆయన సహచరులు చేసిన ఆ పని 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో అచ్చయింది. చికాగోలో అమెరికా క్యాన్సర్ వైద్యుల వార్షిక మహాసభలో ప్లీనరీ వేదిక మీద చదివారు. ఏటా వేలల్లో వచ్చే పరిశోధనల్లోంచి నాలుగైదింటికి మాత్రమే దక్కే చోటది. ఫలితం గురించి అప్పట్లో పత్రికలు రాశాయి. నా కన్ను మాత్రం ఫలితం కన్నా ఆ పని కట్టిన తీరు మీద ఉంది. ఒక్కో అమరిక వెనక ఉన్న ఆలోచన తెలిస్తే, కత్తి పట్టడంలో ఉన్నంత నేర్పు ఆ కత్తిని ఎప్పుడు పట్టాలో తేల్చడంలోనూ ఉంటుందని ఒప్పుకుంటాం.

మెడలోనో చంకలోనో గట్టిగా ఏదైనా తగిలితే మనవాళ్ళు బిళ్ళ కట్టిందంటారు. పన్ను పుచ్చినా కడుతుంది, గొంతు పాడైనా కడుతుంది. ఆ బిళ్ళలే లింఫు గ్రంథులు. ఏ జబ్బూ లేనప్పుడు కూడా మెడలో కొవ్వు మధ్య అవి చిన్నచిన్నవిగా ఉంటాయి, చేతికి అందవంతే. నోటి క్యాన్సర్ ఒంట్లో దూరం పాకేముందు ఆగి లెక్క చెప్పాల్సిన చెక్‌పోస్టులు అవి. ఇబ్బందేమిటంటే, క్యాన్సర్ కణాలు అక్కడికి చేరిన మొదటి రోజుల్లో బిళ్ళ ఉబ్బదు. వేలికి తగలదు, స్కాన్‌కు దొరకదు. పైకి శుభ్రంగా కనిపించే పది మెడల్లో మూడింట్లోనైనా అలా దాక్కుని ఉంటుందని సర్జన్లకు అనుభవం మీద తెలుసు. ఆ మూడు మెడలు ఏవన్నదే తెలియదు.

ముందే తీసేద్దాం అనేవాళ్ళు ఈ మూడింటి గురించి మాట్లాడతారు. ఆగుదాం అనేవాళ్ళు మిగిలిన ఏడింటి గురించి మాట్లాడతారు. ఏమీ లేని మెడను తెరవడమెందుకు, భుజం నరానికి ఇబ్బంది తేవడమెందుకు, జాగ్రత్తగా చూస్తూ ఉండి బిళ్ళ కనిపించగానే తీస్తే పోలేదా అంటారు. మన దేశంలో ఈ వాదానికి ఇంకో మెలిక కూడా ఉంది. ఊళ్ళ నుంచి వచ్చే రోగి మళ్ళీ వస్తాడో రాడో తెలియదు కాబట్టి ఉన్నప్పుడే చేసేయాలని కొందరు. రోజూ వందలమంది వరసలో ఉండే ఆస్పత్రిలో అక్కర్లేని ఆపరేషన్‌కు థియేటర్ ఎక్కడిదని ఇంకొందరు.

ఆగుదాం అన్నవాళ్ళ భయానికి చరిత్ర ఉంది. అమెరికాలో జార్జ్ క్రైల్ 1906లో 132 ఆపరేషన్ల అనుభవంతో మెడ గ్రంథులను మొత్తంగా తీసే పద్ధతిని ప్రకటించాడు. దాంట్లో గ్రంథులతో పాటు మెడ పక్కనుండే పెద్ద కండ, దాని కింది పెద్ద సిర, భుజాన్ని లేపే నరం అన్నీ పోయేవి. బతికి బయటపడ్డ మనిషికి భుజం వాలిపోయేది, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తడమే కష్టమయ్యేది. 1960ల్లో అర్జెంటీనాలో సువారెజ్, ఇటలీలో బొక్కా ఆ మూడింటినీ కాపాడుతూ గ్రంథుల్ని మాత్రం ఒలిచి తీసే మార్గం చూపించారు. తర్వాత న్యూయార్క్‌లో జతిన్ షా 1,119 మెడ ఆపరేషన్ల వివరాలు వడగట్టి, నోటి క్యాన్సర్ ఎక్కువగా మెడలో పై మూడు అంచెల్లోని గ్రంథులకే చేరుతుందని 1990లో చూపించాడు. దాంతో బిళ్ళ కనబడని మెడకు అంత దూరం వెళ్ళక్కర్లేదనీ, దవడ కింది నుంచి మెడ మధ్య దాకా తీస్తే చాలనీ నమ్మకం కుదిరింది. ఆపరేషన్ చిన్నదైంది. చిన్నదైన కొద్దీ ముందే చేసేద్దాం అనేవాళ్ళకు బలం వచ్చింది. అయినా చేస్తే ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. 1994లో కొందరు కాగితం మీద లెక్కలు కట్టి, దాక్కుని ఉండే అవకాశం 20 శాతం దాటితే తీసేయడం మేలన్నారు. ఆ అంకె పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, ఇరవై ఏళ్ళు ఏలింది. అది ఊహల మీద కట్టిన లెక్కేగాని రోగుల మీద తేలిన నిజం కాదు.

పరీక్షించి చూసినవాళ్ళు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో 75 మందితో ఒకటి 1980లో, టాటా ఆస్పత్రిలోనే 70 మందితో ఇంకొకటి 1989లో, బ్రెజిల్‌లో 67 మందితో 1994లో, హాంకాంగ్‌లో 71 మందితో 2009లో. ఒకరు లాభం ఉందన్నారు, మరొకరు తేడా లేదన్నారు. ఎందుకు తేలలేదో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. డెబ్బై మందిని రెండు జట్లు చేస్తే జట్టుకు 35 మంది. ముందే మెడ తీయడం వల్ల నూటికి పది ప్రాణాలు నిజంగానే దక్కుతాయనుకుందాం. 35 మందిలో అది ముగ్గురు నలుగురు. ఒకరికి గుండెపోటు వచ్చి, ఇంకొకరు ఊరు మారి కనబడకపోతే ఆ తేడా అక్కడే కరిగిపోతుంది. ఉన్న లాభాన్ని లేదని చూపించడానికి ఇంతకన్నా తేలికైన మార్గం లేదు. ఆ నాలుగు పరీక్షలనూ కలిపి 2011లో ఒక బృందం లెక్క కడితే మొత్తం 283 మంది అయ్యారు. కలిపి చూస్తే లాభం ఉన్నట్టే తోచింది. ఉన్నట్టు తోచడం వేరు, సర్జన్ ధైర్యంగా కత్తి పట్టడానికి చాలినంత ఆధారం వేరు.

టాటా బృందం లెక్క ఇక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆగి చూసే పద్ధతిలో అయిదేళ్ళకు నూటికి 60 మంది మిగులుతారనుకున్నారు. ముందే తీస్తే అది 70 అవుతుందా? పది శాతం తేడాను గుర్తుపట్టాలంటే 710 మంది కావాలని తేలింది. జట్టుకు 355 మంది. అప్పుడు పది శాతమంటే 35 మంది, చిన్న చిన్న యాదృచ్ఛికాలకు చెదిరిపోని సంఖ్య. రోగుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టక ముందే ఈ సంఖ్యను రాసి పెట్టుకోవడంలోనే నిజాయితీ ఉంది. మధ్యలో మనకు నచ్చిన చోట ఆపి ఇదిగో ఫలితం అనే వీలు లేకుండా, తమ చేతులు తామే కట్టుకున్నట్టు.

రెండో పని, ఎవరిని చేర్చుకోవాలి అనేది. నాకు ఈ భాగం చాలా నచ్చింది. నాలుక, బుగ్గ లోపలి పొర, నాలుక కింది భాగం. పుండు నాలుగు సెంటీమీటర్లు దాటకూడదు. నోటికి ఒక పక్కనే ఉండాలి, మధ్యగీత దాటితే రెండు వైపుల మెడకూ అనుమానం పాకుతుంది, ప్రశ్న రెండు ముక్కలవుతుంది. పుండును నోట్లోంచే కోసి తీయగలిగేలా ఉండాలి. ఈ ఆఖరి షరతు పైకి మామూలుగా కనిపిస్తుంది, అసలు తెలివి అక్కడుంది. దవడ చీల్చి లోపలికి వెళ్ళాల్సిన కేసైనా, వేరే చోటి నుంచి కండ తెచ్చి అతికించాల్సిన కేసైనా ఎలాగూ మెడ తెరవాల్సిందే. అలాంటప్పుడు మెడను ముట్టకుండా ఆగుదాం అన్న మాటకు అర్థమే ఉండదు. రెండు దారులూ నిజంగా తెరిచి ఉన్నవాళ్ళను మాత్రమే తీసుకున్నారు. మెడకు ఏం చేశారన్నది తప్పిస్తే రెండు జట్ల మధ్య వేరే తేడా మిగలకుండా జాగ్రత్తపడ్డారు.

ఇక ఎవరు ఏ జట్టులోకి వెళ్ళాలి? డాక్టరుకు వదిలేస్తే, కాస్త ముదురుగా ఉన్నవాళ్ళ మెడను ముందే తీస్తాడు, తేలికగా ఉన్నవాళ్ళను ఆగమంటాడు. దురుద్దేశంతో కాదు, మంచి డాక్టరు చేసేదే అది. కానీ తర్వాత రెండు జట్లనూ పోల్చితే ఆపరేషన్ లాభం కనబడదు, డాక్టరు అంచనా కనబడుతుంది. అందుకని ఆ నిర్ణయాన్ని కంప్యూటర్ వేసిన చీటీకి వదిలారు. ఉత్త చీటీకి కూడా ఒక లోపం ఉంది. అదృష్టం బాగోక ఒక జట్టులోకే పెద్ద పుండ్లన్నీ పడవచ్చు. అందుకోసం పుండు పరిమాణం, పుట్టిన చోటు, ఆడా మగా, ముందు తీసిన మెడ అల్ట్రాసౌండ్‌లో ఏం కనిపించింది అన్న నాలుగు విషయాల వారీగా రోగుల్ని విడదీసి, ఒక్కో వర్గంలో విడిగా చీటీ వేశారు. రెండు జట్లూ ఈ నాలుగింటిలో సరితూగేలా ముందే చూసుకున్నారన్నమాట.

సర్జన్‌కు ఈ చీటీని ఒప్పుకోవడమే అన్నిటికన్నా కష్టం. ఇరవై ఏళ్ళు వేల మెడలు చూసిన మనిషి, నీకేది మంచిదో నాకు తెలియదు, తెలుసుకోవడానికే ఈ పరీక్ష అని రోగి ముఖం మీదే చెప్పాలి. మన దేశంలో డాక్టరును దేవుడనుకునే రోగితో ఆ మాట అనడం ఇంకా కష్టం. పదేళ్ళలో 596 మంది విని, సరేనని సంతకం పెట్టారు. వాళ్ళ పేర్లు ఏ జర్నల్లోనూ ఉండవు. ఈ పని సగం వాళ్ళదే.

ముందే తీసే జట్టులోని మనిషికి థియేటర్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కోత చెవి వెనక ఎముక దగ్గర మొదలై, మెడ మీద సహజంగా ఉన్న ముడత ఒకదాని వెంట గడ్డం కిందికి వస్తుంది. మానాక ముడతలో ముడతగా కలిసిపోవాలని. చర్మం కింద ప్లాటిస్మా అనే పల్చని కండ పొర ఉంటుంది. దాన్ని చర్మానికి అంటిపెట్టే పైకి లేపుతారు, వేరు చేస్తే చర్మానికి నెత్తురు అందదు. దవడ అంచుకు కాస్త కిందుగా ఒక సన్నని నరం పోతుంది, కింది పెదవిని కదిలించేది అదే. తెగితే నవ్వినప్పుడు మూతి ఒక పక్కకు పోతుంది. దాన్ని కాపాడే ఉపాయం ఒకటుంది. ముఖం నుంచి దిగే సిరను నరానికి బాగా కిందుగా కట్టి కోసి, పై కొసను పైకి మడుస్తారు. నరం ఆ మడత వెనక భద్రంగా ఉండిపోతుంది. నరాన్ని వెతికి పట్టుకోవాల్సిన పని కూడా లేదు. తర్వాత దవడ కింది లాలాజల గ్రంథి, దాని చుట్టూ ఉన్న బిళ్ళలు ఒక ముద్దగా వస్తాయి. ఇక్కడ నాలుకకు స్పర్శనిచ్చే నరం, నాలుకను కదిలించే నరం రెండూ దగ్గరదగ్గరగా ఎదురవుతాయి, రెంటినీ చూసి, పక్కకు తప్పించి, వాటి మధ్యలోంచి గ్రంథిని తీయాలి.

ఆ కిందికి దిగితే భుజం నరం. పెద్ద సిరను దాటుకుని మెడ పక్క కండలోకి దూరుతుంది. దాని వెనక, పైన, ఒక మూలలో ఇంకొన్ని బిళ్ళలుంటాయి. వాటిని తీయాలంటే నరాన్ని పక్కకు లాగి పట్టుకోవాలి. ఆ లాగడం గట్టిదైతే నరం తెగకపోయినా నెలల తరబడి భుజం బరువెక్కుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్‌ను ఈ మూలలోనే గుర్తుపట్టవచ్చు. చివరగా పెద్ద సిర మీదున్న కొవ్వును, అందులోని గ్రంథులతో సహా ఒక పొరగా ఒలుచుకుంటూ, మెడకు అడ్డంగా పోయే సన్నని ఒమోహయాయిడ్ కండ దాకా వచ్చి ఆగుతారు. బయటికి తీసిందాన్ని ఏ అంచె ఏదో గుర్తులు పెట్టి పెథాలజీకి పంపుతారు. అక్కడ ఒకరు ఆ పచ్చని కొవ్వును వేళ్ళతో నలిపి ఒక్కో బిళ్ళనూ పట్టుకుని, పల్చగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. అంతసేపు సర్జన్ చూపిన నేర్పు అక్కడ ఒక గాజు పలక మీద అంకెగా మారుతుంది.

ఆగి చూసే జట్టుకు నోట్లో పుండు మాత్రమే తీసి ఇంటికి పంపారు. మెడలో బిళ్ళ కనిపిస్తే అప్పుడు పెద్ద ఆపరేషన్, అయిదు అంచెలదీ. మరి కనిపెట్టేదెలా? రెండు జట్లనూ మొదటి ఆరు నెలలు నాలుగు వారాలకోసారి, తర్వాతి ఆరు నెలలు ఆరు వారాలకోసారి, రెండో ఏడు ఎనిమిది వారాలకోసారి, ఆపైన పన్నెండు వారాలకోసారి రమ్మన్నారు. రెండేళ్ళలో దగ్గరదగ్గర పదహారు సార్లు. జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే కాబట్టి కాపలా అక్కడే దట్టంగా పెట్టారు. ఆగుదాం అన్నవాళ్ళ వాదానికి దక్కాల్సిన న్యాయం ఇది. బద్ధకంగా కాపలా కాసి, చూశారా ఆగితే నష్టం అని తేల్చేయడం ఎవరైనా చేయగలరు. వీళ్ళు ఓడిపోతుందేమో అనుకున్న పక్షానికి కూడా మంచి ఆయుధాలే ఇచ్చి బరిలోకి దింపారు. అదే పరీక్షలో ఇంకో ప్రశ్నను కూడా ఇమిడ్చారు, చేత్తో చూడ్డంతో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేస్తే ఉపయోగముందా అని. రోగుల్ని దానికి కూడా చీటీతోనే విడదీశారు.

పరీక్ష నడిపేవాళ్ళకు మధ్యలో అంకెలు కనబడవు. వాటిని చూసేది భద్రత కోసం విడిగా ఏర్పాటైన ఒక కమిటీ. రెండు జట్లలో చావుల సంఖ్య సమంగా లేదని కమిటీకి కనబడింది. 710 దాకా ఆగక్కర్లేదు, మొదటి 500 మందిని లెక్క చూడమంది. ఆ 500 మందిలో 245 మంది ముందే మెడ తీయించుకున్నవాళ్ళు, 255 మంది ఆగినవాళ్ళు. అందరికీ కనీసం తొమ్మిది నెలల కాపలా పూర్తయింది, సగటున చూస్తే మూడేళ్ళ పైనే.

మూడేళ్ళకు ముందే తీసిన జట్టులో బతికున్నవాళ్ళు నూటికి 80, ఆగిన జట్టులో 67.5. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు ఒక జట్టులో 69.5 శాతం, రెండో దాంట్లో 45.9. చావులు 50, 79. జబ్బు తిరగబెట్టింది ఒక పక్క 81 మందికి, ఇంకో పక్క 146 మందికి. దీన్నే వాళ్ళు ఇంకో రకంగా చెప్పారు, నాకు అదే నచ్చుతుంది. ఎనిమిది మందికి ముందే మెడ తీస్తే ఒక ప్రాణం అదనంగా దక్కుతుంది. నలుగురికి తీస్తే ఒకరికి జబ్బు తిరగబెట్టకుండా ఆగుతుంది. శాతాల్లో చెబితే గొప్పగా వినిపించే ఫలితాన్ని ఇలా చెబితే, మిగిలిన ఏడుగురూ ఆ కోతను ఉట్టినే భరించారన్న సంగతి కూడా అందులోనే బయటపడుతుంది. దాచుకోలేదు.

ఆగిన జట్టు ఎందుకు ఓడిందో కూడా కాగితంలోనే ఉంది. అంత దట్టంగా కాపలా కాసినా, బిళ్ళ చేతికి తగిలేసరికి జబ్బు ముదిరిపోయింది. చాలామందిలో క్యాన్సర్ గ్రంథి పొర చీల్చుకుని చుట్టూ ఉన్న కండలోకి వచ్చేసింది. అప్పుడు ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా కోలుకోవడం కష్టమయ్యే కేసులవి. చూసి తీద్దాం అన్న మాటలో లోపం చూడ్డంలో లేదు, కనబడేటప్పటికే ఆలస్యమవడంలో ఉంది.

ఇంకో జత అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగాను. ముందే తీసిన మెడల్లో పెథాలజిస్టుకు క్యాన్సర్ దొరికింది దాదాపు 30 శాతంలో. ఆగిన జట్టులో మెడలో జబ్బు బయటపడింది దాదాపు 45 శాతంలో. చీటీ వేసి విడదీసిన జట్లు కాబట్టి రెండూ సమానంగా ఉండాలి కదా? మిగిలిన 15 శాతం ఎక్కడికి పోయింది? ఒక్కో గ్రంథినీ ఒకటి రెండు ముక్కలుగానే కోసి చూస్తారు. కోతల మధ్య దాగిన నాలుగైదు కణాల గుంపు ఏ సూక్ష్మదర్శినికీ దొరకదు. గ్రంథి బయటికి వచ్చేసింది కాబట్టి ఆ రోగికి హాని లేదు, కాగితం మీద మాత్రం క్యాన్సర్ లేదనే ఉంటుంది. అంటే క్యాన్సర్ లేదన్న రిపోర్టుతో ఇంటికెళ్ళినవాళ్ళలో కొందరికి కూడా ఆ ఆపరేషన్ వల్ల మేలు జరిగి ఉండవచ్చు. పై లెక్కలో ఉట్టినే భరించారన్న ఏడుగురి గురించి నేనన్న మాటను ఆ మేరకు తగ్గించుకోవాలి. ఇలాంటి పొసగని అంకెల్ని కప్పిపెట్టడం తేలిక. వాళ్ళు వాటినీ ముందు పెట్టి, కారణం వెతికారు.

పొగిడాక లోపాలు కూడా చెప్పాలి. ఇది ఒకే ఆస్పత్రిలో జరిగిన పరీక్ష. పైగా రోజూ ఇదే పని చేసే ఆస్పత్రి. జిల్లా కేంద్రంలో నెలకో మెడ చేసే చోట ఇదే ఫలితం వస్తుందా అంటే, ఆ జవాబు ఈ కాగితంలో లేదు. నిర్ణయించుకున్న సంఖ్య కన్నా ముందే ఆపిన పరీక్షల్లో లాభం ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వాళ్ళే ఇచ్చిన లెక్క ప్రకారం చావు ముప్పు తగ్గింది 36 శాతం, అయితే అసలు విలువ 8 నుంచి 55 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆపరేషన్ ఇబ్బందులు ముందే తీసిన జట్టులో 6.6 శాతం, ఆగిన జట్టులో 3.6 శాతం అని రాశారు. ఏడాది తర్వాత పై అరలోని డబ్బా అందుకోవడానికి చెయ్యి లేస్తోందా లేదా అన్నది ఆ అంకెల్లో ఇమడదు. పుండు లోతు 3 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాళ్ళకు మెడ తీయడం వల్ల లాభముందో లేదో స్పష్టంగా తేలలేదు, అలాంటివాళ్ళు పరీక్షలో తక్కువమందే ఉన్నారు.

మనకు దగ్గరి లోపం ఇంకొకటి. పరీక్షలో ఎక్కువమంది, నూటికి 85 మంది దాకా, నాలుక క్యాన్సర్ వాళ్ళే. మన దేశంలో బుగ్గలో, చిగుళ్ళ పక్కన వచ్చేవి ఎక్కువ. గుట్కా, ఖైనీ ఎక్కడ దాచుకుంటే జబ్బు అక్కడే పుడుతుంది. శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో పుట్టినట్టు. డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, ముంబయి పరిశోధకులతో కలిసి ఆ జిల్లాలో 10,169 మంది నోళ్ళు చూసి 1971లో రాసిన సంగతి అది. బుగ్గ పుండుకు కూడా నాలుక పుండు లెక్కే వర్తిస్తుందని సర్జన్లు నమ్ముతున్నారు. నమ్మడానికి కారణాలు ఉన్నాయి. కానీ ఈ పరీక్ష దాన్ని విడిగా నిరూపించలేదు.

తర్వాత వచ్చిన పనులు దీని గట్టిదనాన్ని తేల్చాయి. బ్రిటన్‌లో నోరు, దవడ సర్జన్లు 27 ఆస్పత్రుల్లో ఇదే ప్రశ్నతో 250 మందికి చీటీ వేసి పరీక్ష చేశారు. చీటీకి ఒప్పుకోని ఇంకో 346 మందిని కూడా విడిగా గమనించారు. 2019లో వాళ్ళూ ముందే తీయడమే మేలని తేల్చారు. వేరే దేశం, అనేక ఆస్పత్రులు, వేరే అలవాట్లున్న రోగులు, జవాబు మాత్రం అదే. ఇక ఆ అక్కర్లేని కోతల సంగతి ఫ్రాన్స్, జపాన్ వాళ్ళు పట్టుకున్నారు. పుండు నుంచి కణాలు మొదట చేరే ఒకటి రెండు గ్రంథుల్ని రేడియోధార్మిక ద్రవంతో గుర్తుపట్టి వాటినే ముందు తీసి చూస్తారు, క్యాన్సర్ ఉంటేనే మెడ తెరుస్తారు. 2020, 2021ల్లో వచ్చిన ఆ రెండు పరీక్షల్లో బతికినవాళ్ళ సంఖ్య తగ్గలేదు, భుజం బాధ మాత్రం తగ్గింది. అయితే ఆ పరికరాలు, ఒక్కో గ్రంథినీ పదుల ముక్కలుగా కోసి చూసే పెథాలజిస్టు, మన దగ్గర అన్ని చోట్లా లేరు. లేనంతకాలం పరేల్‌లో తేలిన జవాబే మనకు ఆధారం.

ఆ జవాబు పనికొచ్చేది నాలుగు సెంటీమీటర్ల లోపు పుండుతో వచ్చినవాళ్ళకు. మన ఆస్పత్రులకు వచ్చేవాళ్ళలో చాలామంది ఆ దశ దాటాకే వస్తున్నారు. నోట్లో పుండు గాని, తెల్ల మచ్చ గాని, ఎర్ర మచ్చ గాని మూడు వారాలు దాటినా మానకపోతే నోటి పూత మందులు రాసుకుంటూ కూర్చోకండి. దగ్గర్లోని డెంటల్ కాలేజీలో నోరు, దవడ సర్జరీ విభాగానికైనా, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికైనా, విశాఖ పక్కన అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికైనా వెళ్ళి చూపించుకోండి. క్యాన్సరని తేలితే డాక్టరును రెండు మాటలు అడగండి: పుండు లోతు ఎన్ని మిల్లీమీటర్లు, మెడకు ఏం చేయబోతున్నారు.